రాతి బండికి కమాన్లు, మనిషి బండికి గడ్డి

ముప్పై రెండేళ్లు ఎర్ర బస్సు నడిపినవాణ్ణి. నా బస్సులోంచి భయపడి సగం దారిలో దిగిపోయిన మనిషి ఒక్కడూ లేడు. అలాంటిది పోయిన నెల నల్లమల ఘాటు దిగి గాజులపల్లె చేరగానే మా ఇంటావిడ సుశీల నా జీపు దిగి, కొంగు దులుపుకొని, ఎదురుగా వస్తున్న గిద్దలూరు బస్సును చెయ్యెత్తి ఆపి, ఎక్కి ఇంటికి వెళ్లిపోయింది. నా వైపు తిరిగి చూడనైనా చూడలేదు. ఇప్పుడు నేను రాస్తున్న ప్రయాణానికి కారణం అదే.

సంగతి మొదటినుంచీ చెబుతాను. సుశీలకు నడుములో డిస్కు జారింది. గంట కూర్చుంటే పావుగంట వెల్లకిలా పడుకోవాలి. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఊరినంతా తిప్పుతావు, నన్ను మాత్రం తిప్పవని దెప్పేది. తీరా రిటైరై తిప్పుదామనుకునేసరికి నడుము అలా అయింది. అందుకని మార్కాపురం వైపు ఒకాయన దగ్గర ఇల్లుబండి కొన్నాను. జీపు వెనక తగిలించుకునే రేకుల గది అది. లోపల మంచం, చిన్న గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము. నడిచేటప్పుడు అందులో మనిషి ఉండకూడదు. ఆగిన చోట ఆమె నడుము వాల్చుకోవచ్చు. మహానంది, యాగంటి చూసి రావాలని బయలుదేరాం.

ఘాటు దిగుతుంటే ఆ గది నా జీపును వెనకనుంచి తోయడం మొదలుపెట్టింది. నేను బ్రేకు తొక్కుతున్నాను, అది తోస్తోంది. బ్రేకు లైనర్లు కాలిన వాసన, వెనక ఊరగాయ జాడీలు పగులుతున్న చప్పుడు. ఆ మలుపులు ఎలా తిప్పానో ఆ దేవుడికే తెలియాలి. కిందికొచ్చి, బస్సెక్కిన పెళ్లాం కనుమరుగయ్యాక, అప్పుడు వంగి చూశాను. ఇల్లుబండికి బ్రేకులు లేవు. కుదుపులు మింగే కమాన్ పట్టీలు లేవు, గది పోయి నేరుగా ఇరుసు మీద కూర్చుంది. ఆ ఇరుసు కూడా ఎద్దులు లాగే టైరుబండిది! ఎద్దు నడకకు చేసిన ఇరుసు మీద గది కట్టి, నీలం రంగు పూసి, గుమ్మానికి మామిడాకుల బొమ్మ వేసి నాకు అంటగట్టాడు మహానుభావుడు. వాణ్ణి తిట్టాను. తర్వాత నన్ను నేను తిట్టుకున్నాను, కానీ అది కొంచెం తక్కువ.

జీపును, గదిని ఈడ్చుకుంటూ నంద్యాల చేర్చి, తెలిసిన సెట్టిగారి వడ్ల మిల్లు ఆవరణలో వదిలి ఇంటికి వెళ్లాను. సుశీల అన్నం పెట్టి ఒకటే మాట అంది. "బ్రేకులన్నా ఏయించు, లేకుంటే అమ్మేయ్. రెండూ చెయ్యకుంటే ఇంగ నేను నీ పక్కన కూచోను." ముప్పై రెండేళ్లు లోకం నమ్మిన డ్రైవరుకు ఇంట్లో దక్కిన సర్టిఫికెట్ ఇది.

సోమవారం పొద్దున గిద్దలూరు స్టేషన్‌కు చేరాను. తొమ్మిదిన్నరకు రావాల్సిన బండి పదింపావుకు వచ్చింది. ఈ దారిలో వెళ్లేవాళ్లు కుడివైపు కిటికీ పట్టుకోండి, దిగువమెట్ట దాటాక అడవీ సొరంగాలూ బాగుంటాయి. నాకు మాత్రం ఆ రోజు అడవి కంటికి ఆనలేదు. ఎదురు సీట్లో మహానందికి వెళ్తున్న పెద్దామె కూర్చుంది. ఏటా శివరాత్రికి ఊరంతా కలిసి ట్రాక్టరు ట్రాలీలో వస్తారట, ఆ కుదుపులకు మోకాళ్లు పట్టేసి ఈ ఏడు ఒక్కతే రైలెక్కిందట. ట్రాలీకి బ్రేకులుంటాయా అని అడిగాను. ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి కిటికీ వైపు తిరిగింది.

పదకొండున్నర దాటాక నంద్యాలలో దిగాను. స్టేషన్ బయట బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాను. ఎంత కోపంలో ఉన్నా బాగుందని ఒప్పుకోవలసి వచ్చింది. జీపు బ్రేకులు అప్పటికే మెకానిక్ బాగు చేసిపెట్టాడు. ఇల్లుబండి తగిలించుకొని ట్రాలీలు తయారు చేసే షెడ్ల వైపు వెళ్లాను.

మొదటి షెడ్డు ముందర కొత్త ట్రాలీ ఒకటి ఎర్రరంగుతో మెరుస్తోంది. పక్కరేకు మీద తామరపూలు, నెమళ్లు, వెనక తలుపు మీద పొలం యజమాని పేరు. నేను కిందికి వంగాను, ఈ నెలరోజులుగా అదొక అలవాటైపోయింది. కమాను లేదు, బ్రేకు లేదు. షెడ్డు యజమానిని పిలిచి నా గదికి రెండూ కావాలన్నాను.

"ట్రాలీకి బ్రేకు ఏంటికప్పా? ముందర బండికి ఉండాది గదా," అన్నాడాయన.

ముందర బండిని ఇది తోసేసిందని చెప్పాను. అయితే నువ్వు ఎక్కువ స్పీడు పోయుంటావన్నాడు. నన్ను! కమాన్ల సంగతి అడిగితే, కుదుపులకు అందరూ వరిగడ్డి పరుచుకుంటారు, నువ్వూ మంచం కింద రెండు మోపులు పరుచుకో అని సలహా ఇచ్చాడు. ఆ నెమళ్లు వేయడానికి ఎన్ని రోజులు పట్టిందని అడిగితే మాత్రం సంతోషంగా నాలుగు రోజులన్నాడు. నెమలికి నాలుగు రోజులు, బ్రేకుకు ఒక పూట దొరకలేదు! గట్టిగానే అన్నాను. దున్నపోతు మీద వాన కురిసినట్టే.

రెండో షెడ్డులో బ్రేకు ఉందన్నారు. ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే అది ట్రాలీ వెనకభాగంలో పొడుగాటి ఇనుప కడ్డీ. అక్కడ ఒక మనిషిని కూర్చోబెట్టుకోవాలి. దిగుడు వచ్చినప్పుడు నేను ముందునుంచి ఈల వేస్తే ఆయన లాగుతాడు. ఈల వినపడకపోతే ఏం చేయాలని అడిగాను. రెండుసార్లు వెయ్యమన్నాడు. అక్కడ ఉండబట్టలేక బయటికి వచ్చేశాను. మూడో షెడ్డువాడు పని ఒప్పుకున్నాడు కానీ, బ్రేకు పట్టేస్తే టైర్లు అరుగుతాయి, కాబట్టి పట్టకుండా వదులుగా బిగిస్తానన్నాడు. పట్టని బ్రేకు! దానికి మామిడాకుల బొమ్మ కూడా వేయించుకోవచ్చు.

సాయంత్రం నాలుగింటికి టీ బంకు దగ్గర ఒక లారీ డ్రైవరుకు నా గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, "ఆళ్లగడ్డ పోన్నా. ఆడ దేవుళ్లను మోసే బండ్లకు అన్నీ ఉంటాయి," అన్నాడు. దేవుళ్లను మోసే బండ్లు ఏమిటో అప్పుడు అర్థం కాలేదు. మిల్లు ఆవరణలోనే నా గదిలో పడుకున్నాను. నేల చదునుగా ఉండి, బండి కదలనంతసేపూ అది మంచి ఇల్లే, ఆ మాట కాదనను.

మంగళవారం ఆరున్నరకు బయలుదేరాను. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో గంట. నేను రెండున్నర గంటలు తీసుకున్నాను. వెనక లారీలవాళ్లు హారన్లు కొట్టి, దాటిపోతూ చేతులు ఊపి నా వంశాన్ని తలుచుకున్నారు. శిరివెళ్ల దగ్గర ఆపి టీ తాగుతుంటే కూలీలతో నిండిన ట్రాలీ ఒకటి పక్కనుంచి పోయింది. గుంటలో పడినప్పుడు ఆడవాళ్లంతా ఒక్కసారిగా జానెడు ఎత్తు లేచి మళ్లీ కూర్చున్నారు. వాళ్లలో ఒక్కరూ ముఖం చిట్లించలేదు. నాకు మంట అక్కడే పుట్టింది. వాళ్లకు అలవాటైపోయింది.

ఆళ్లగడ్డలో ఉలి చప్పుడు వినపడే వైపు వెళితే శిల్పుల షెడ్లు వస్తాయి, దారి అడగనక్కరలేదు. తెల్లటి రాతిపొడి చెట్ల ఆకుల మీద కూడా ఉంటుంది. సుబ్బాచారి అనే పెద్ద శిల్పి షెడ్డు పక్కన ఒక ట్రాలీ ఆగి ఉంది. రంగు లేదు, నెమలి లేదు, తుప్పు మరకలు. అలవాటు కొద్దీ వంగాను. వంగినవాణ్ణి అలాగే ఉండిపోయాను. రెండు వైపులా బలమైన కమాన్ పట్టీలు, లావాటి ఇరుసు, రెండు చక్రాలకూ బ్రేకు డ్రమ్ములు. ముందర హుక్కు దగ్గర ఒక లీవరు. ముందు బండి వేగం తగ్గితే వెనకది తోసుకొస్తుంది కదా, ఆ తోపుకే లీవరు నొక్కుకొని ట్రాలీ బ్రేకు దానంతటదే పడుతుంది. ఈల అక్కరలేదు, మనిషి అక్కరలేదు.

సుబ్బాచారి నన్ను చూసి దొంగ అనుకున్నట్టున్నాడు. సంగతి చెప్పాక నవ్వి, షెడ్డు వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ నిలువెత్తు అమ్మవారి విగ్రహం గోడవైపు తిరిగి ఉంది. ముందుకు వెళ్లి చూశాను. నగలు, వేళ్లు, చీర మడతలు అన్నీ సజీవంగా ఉన్నాయి. ముక్కు కొస లేదు.

ఐదేళ్ల కిందట నాలుగు నెలలు చెక్కాడట. వరిగడ్డిలో చుట్టి మామూలు ట్రాలీలో పంపాడు. దారిలో గుంటకో, బ్రేకు పడక ముందు బండికి గుద్దుకునో, ముక్కు పోయింది. భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదు. గుడివాళ్లు దించను కూడా దించకుండా వెనక్కి పంపారు. ఆ తర్వాత సుబ్బాచారి ఈ బండి చేయించాడు. ఇప్పుడు చుట్టుపక్కల శిల్పులందరూ ఇలాంటివే వాడుతున్నారట.

నాకు ఆగలేదు. పొద్దున శిరివెళ్లలో చూసిన ఆడవాళ్ల సంగతి చెప్పాను. రాతికి కమాన్లూ బ్రేకులూ పెట్టారు, మరి మనుషులకు పెట్టాలని ఈ చుట్టుపక్కల ఒక్కరికీ తోచలేదా అని అడిగాను. ఆయన తప్పేమీ లేదని తెలుసు, అయినా ఆయన్నే అడిగాను.

సుబ్బాచారి అమ్మవారి భుజం మీద పొడి తుడుస్తూ నిదానంగా అన్నాడు. "రాయి పగిలితే గుడోళ్లు ఎనక్కి పంపుతారప్పా. మనిషి ఇరిగితే ఎవురు ఎనక్కి పంపుతారు? కుంటుకుంటా పోయినా గుడి లోపలికి రానిస్తారు."

ఆ బండి ఎవరు చేశారని అడిగాను.

ఆయన బండి చేసిన మెకానిక్ పేరు బాషా. రోడ్డు అవతలే షెడ్డు. బాషా నాన్న ఎద్దుబండ్ల ఇరుసులు చేసేవాడట, అందుకని నా గది కిందికి దూరగానే ఇరుసును గుర్తుపట్టేశాడు. బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ, "ముప్పై రెండేండ్లు బస్సు తోలినావంట. కొనేటప్పుడు వంగి సూడలేదా అన్నా?" అన్నాడు. నంద్యాల షెడ్లలో నేను అరిచిన అరుపులన్నీ ఒక్కసారిగా నా మీదికే తిరిగొచ్చాయి. కొన్న రోజు ఆ మామిడాకుల బొమ్మే చూశాను. సుశీలకు నచ్చుతుందనుకున్నాను. ఆ మాట బాషాకు చెప్పలేదు.

పని రెండు రోజులు పట్టింది. బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాను. గది శుభ్రంగా ఉంది, ఫ్యాను మాత్రం తిరిగీ తిరగనట్టు తిరిగింది. మెస్సులో సంగటి, పప్పు. పగలంతా బాషా షెడ్డులోనే కూర్చున్నాను. ఇలాంటి బండి చేయించుకునేవాళ్లకు ఒక మాట: కమాన్ పట్టీలు ఎన్ని వేయాలో బరువును బట్టి ఉంటుంది. గదిలో ఉండవలసిన సామానంతా ఉంచి, డ్రమ్ము నిండా నీళ్లు పోసి, అప్పుడు తూకం చూపించండి. ఖాళీ బండికి వేస్తే తర్వాత కూర్చుండిపోతాయి. ఎక్కువ పట్టీలు వేస్తే రాయిలా కొడతాయి. బాషా మొదట రాళ్ల బండి లెక్కలో వేశాడు, నేను ఒప్పుకోలేదు, గొడవపడ్డాం. రెండు పట్టీలు తీసేశాక గది మెత్తగా ఊగింది. ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు.

బుధవారం మూడింటికి బ్రేకు పరీక్ష. మిగిలిన జాడీ పగలకూడదని నా సామాను, నీళ్లు షెడ్డులోనే దించి ఉంచాను, వాటికి సరిపడా బరువు కావాలి. ఆ అమ్మవారు సుమారుగా అంతే ఉంటుందని బాషా అన్నాడు. నేను తటపటాయించాను. సుబ్బాచారి మాత్రం కొత్త గుడ్డ తెచ్చి విగ్రహానికి కప్పి, దండం పెట్టి, ఎనిమిదిమందిని పిలిచి ఎక్కించాడు. ఊరి బయట రోడ్డు మీద రెండు మైళ్లు తోలాను. గుంటల్లో తోలాను, ఉన్నట్టుండి బ్రేకు తొక్కాను. మొదటిసారి గది చక్రాలు పూర్తిగా పట్టేసి రోడ్డు మీద నల్లటి గీతలు పడ్డాయి. బాషా దిగి లీవరు సరిచేశాడు. మూడోసారికి జీపు, గది కలిసి ఒకే బండిలా ఆగాయి. వెనకనుంచి తోపు లేదు. తలుపు తీసి చూస్తే విగ్రహం అంగుళం కూడా కదల్లేదు.

"ఆ పొద్దు ఇవి ఉండింటే ఈయమ్మ గుళ్లో ఉండేది," అన్నాడు సుబ్బాచారి. మళ్లీ దించి, ఈసారి గోడవైపు కాకుండా షెడ్డు వైపు తిప్పి నిలబెట్టాడు.

సుశీలకు ఫోన్ చేశాను. బ్రేకులు పడుతున్నాయన్నాను. ఎవరు చెప్పారని అడిగింది. నేనే చూశానన్నాను. నువ్వు అప్పుడూ అట్లే చెప్పినావంది. చివరికి రైల్లో నంద్యాల వస్తానంది. మహానంది దాకా చదును కాబట్టి నా పక్కన కూర్చుంటుందట. ఘాటు దగ్గర మాత్రం తన ఇష్టం తనది.

గురువారం నేను ఆళ్లగడ్డ నుంచి బండి తెచ్చేసరికి సుశీల నంద్యాల స్టేషన్‌లో దిగింది. చేతిలో గుడ్డసంచి, అందులో ఒక చీర, నీళ్ల సీసా, చిల్లర. గదిలో పెడతానంటే ఇవ్వలేదు, ఒళ్లోనే పెట్టుకుంది. ఎక్కడ దిగవలసి వస్తుందో అన్నట్టు మహానంది దాకా దాన్ని పట్టుకునే కూర్చుంది. కోనేటి నీళ్లలో అడుగునున్న రాయి కూడా కనపడింది, స్నానం చేసి, దర్శనం చేసుకొని వచ్చి గదిలో అరగంట పడుకుంది. పగలకుండా మిగిలిన ఒక్క ఊరగాయ జాడీ మూత తీసి చూసి మళ్లీ పెట్టింది.

మేం బయలుదేరేటప్పుడు పక్కన ఒక ట్రాలీ జనాన్ని ఎక్కించుకుంటోంది. గడ్డి మీద ముసలివాళ్లు, చంటిబిడ్డల తల్లులు. ఎక్కడికని అడిగితే ఘాటు అవతలికే. డ్రైవరును పక్కకు పిలిచి దిగుడులో గేరు తీయొద్దు, ఖాళీగా వదలొద్దు అని చెప్పాను, వీలైతే జనాన్ని బస్సెక్కించమన్నాను. ఏం గాదులే పెద్దాయనా, దేవుడుండాడు అన్నాడు. దేవుడు తను మాత్రం కమాన్ల బండిలో వచ్చాడురా అని అరిచాను. వాడికి అర్థం కాలేదు, అర్థం అయ్యేలా చెప్పే ఓపిక నాకూ లేదు. చెప్పి ఉండవలసింది, వాళ్లు ఆ ఘాటు ఎలా దిగారో నాకు ఇప్పటికీ తెలియదు.

సాయంత్రం నాలుగున్నరకు ఘాటు పైకి చేరాం. అక్కడినుంచి గిద్దలూరు వైపు దిగుడు. సుశీల ఆపమంది. సంచి భుజానికి తగిలించుకొని దిగింది.

"నువ్వు ఆ మలుపు దాకా పోయి నిలబెట్టు. నేను ఈడ నుంచి సూస్తా," అంది.

పెళ్లాం చూస్తుండగా లైసెన్సు పరీక్షకు పోయినట్టుంది నాకు. రెండో గేరులో దిగాను. సగం దారిలో బ్రేకు తొక్కాను. లీవరు నొక్కుకున్న చప్పుడు వినపడింది, గది వెనకనుంచి తోయకుండా నాతోపాటే తగ్గింది. మలుపు దగ్గర వెడల్పు జాగాలో నిలిపి అద్దంలో చూశాను. పైన ఆమె అలాగే నిలబడి ఉంది. అంతలో నంద్యాల నుంచి వచ్చే గిద్దలూరు బస్సు పైన కనపడింది. ఆమె దగ్గర ఆగింది. తలుపు తెరుచుకుంది. బస్సు అడ్డం రావడంతో ఆమె నాకు కనపడలేదు.

చేతులు స్టీరింగు మీదే ఉండిపోయాయి. ఈసారి ఎక్కితే ఇక ఎన్నడూ నా పక్కన కూర్చోదని తెలుసు.

బస్సు ఘాటు దిగి వచ్చి నా పక్కన ఆగింది. డ్రైవరు ఓబులేసు, నా దగ్గర పని నేర్చుకున్నవాడే. కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏందన్నా, వదినను ఆడ ఒగతినే నిలబెట్టినావ్? ఎక్కమంటే ఎక్కలే. మా బండి కింద నిలబడుండాది, నువ్వు పో నాయనా అనింది."

బస్సు వెళ్లిపోయింది. సుశీల నడుము మీద చెయ్యి పెట్టుకొని నిదానంగా నడిచి వచ్చింది. నేరుగా వెనక్కి వెళ్లి, గది తలుపు తీసి, భుజాన ఉన్న సంచిని మంచం మీద పెట్టి, గడియ వేసింది. వచ్చి నా పక్కన కూర్చుని, ఇంగ పోనీ అంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అలవాటు కొద్దీ ఎవరి మీదైనా కోపం తెచ్చుకుందామని చూశాను. గిద్దలూరు చేరేదాకా దారిలో ఎవరూ దొరకలేదు.